పాత కన్సోల్ లుక్ కోసం వెలుగు ఎక్కడ పెట్టాలి: వెర్టెక్స్‌లోనా, టెక్స్చర్‌లోనా, పిక్సెల్‌లోనా?

పాత కన్సోల్ గేమ్‌ల లుక్‌తో ఏదైనా చేద్దామని మొదలుపెట్టేవాళ్లలో చాలామంది ముందుగా టెక్స్చర్ (మోడల్ మీద అతికించే బొమ్మ) సైజు తగ్గిస్తారు, దాని చుక్కల రంగులు కలిపి మెత్తబరిచే ఫిల్టరింగ్ ఆపేస్తారు, ఇక పని అయిపోయిందనుకుంటారు. తీరా చూస్తే బొమ్మ పాతగా ఉండదు, పేలవంగా ఉంటుంది. చాలాసార్లు లోపం టెక్స్చర్‌లో ఉండదు, వెలుగులో ఉంటుంది. కొత్త ఇంజిన్ ప్రతి పిక్సెల్‌కీ లెక్కగట్టి వేసే వెలుగు ఆ చిన్న టెక్స్చర్ మీద అతకదు. ప్లేస్టేషన్, నింటెండో 64, డ్రీమ్‌కాస్ట్ కాలంలో గోడ మీద వెలుగు ఎలా పడాలో ఆర్టిస్టే కూర్చుని తేల్చుకునేవాడు. ఆ వెలుగును పాలిగాన్ (మోడల్‌ను కట్టే చదునైన ముక్క) మూలల, అంటే వెర్టెక్స్‌ల రంగుల్లో పెట్టవచ్చు, టెక్స్చర్‌లోనే గీసేయవచ్చు, రెండో పొరగా పైన కప్పవచ్చు, ఇంకాస్త తర్వాతి మెషీన్లలో అయితే పిక్సెల్ స్థాయిలో లెక్క కట్టించవచ్చు.

అసలు మెషీన్ మీద హోమ్‌బ్రూ (సొంతంగా చేసుకునే ఆటలు) రాసేవాళ్లకూ, కొత్త ఇంజిన్‌లో పాత లుక్ తెచ్చుకోవాలనుకునేవాళ్లకూ ఈ ఎంపిక ఒకటే. నా సలహా ముందే చెప్పేస్తాను. వెర్టెక్స్ రంగులతో మొదలుపెట్టండి. వాటితో కాని పని ఎదురైనప్పుడే టెక్స్చర్ దగ్గరికి వెళ్లండి. చదునైన చోట గుంటలు మిట్టలు ఉన్నట్టు చూపే నార్మల్ మ్యాప్‌ను అన్నిటికన్నా చివర్న ఆలోచించండి. ఎందుకో వివరంగా చూద్దాం.

ముందు అడగాల్సిన ప్రశ్న

ఏ ఉపరితలం తీసుకున్నా మొదట చూడాల్సింది అది ఏ మెషీన్ అని కాదు, కదిలేది ఏమిటని. గోడ కదలదు, దాని మీద పడే వెలుగూ కదలదు అంటే ఆట నడిచేటప్పుడు లెక్క కట్టడం వృథా. ముందే కట్టి పెట్టేయండి. పాత్ర కదులుతూ వెలుగు నిలకడగా ఉంటే ఆ పాత్రకు మాత్రం నార్మల్స్ (ఉపరితలం ఎటు చూస్తోందో చెప్పే దిక్కులు) కావాలి. ఎందుకంటే వీపు తిప్పినప్పుడు నీడ కూడా తిరగాలి. చేతిలో దీపం పట్టుకుని నడిచే ఆట అయితే వెలుగే కదులుతోంది కాబట్టి ఖర్చు తప్పదు. ఇక మెరుపు సంగతి వేరు. అది వెలుగుతో పాటు చూసే కోణాన్ని బట్టి కూడా మారుతుంది, అందుకే దానికి విడిగా దారి వెతకాలి.

నింటెండో 64లో ఈ ప్రశ్నను హార్డ్‌వేరే మన ముందు పెడుతుంది. అందులో ఒక్కో వెర్టెక్స్‌కు రంగు దాచే బైట్లు, నార్మల్ దాచే బైట్లు ఒకటే. ఒక వెర్టెక్స్‌లో మనం వేసిన రంగైనా ఉండాలి, లైట్ల లెక్కకు పనికొచ్చే నార్మల్ అయినా ఉండాలి, రెండూ కలిసి ఉండవు. అందుకే ఆ మెషీన్ కోసం పనిచేసేటప్పుడు లెవెల్‌కు రంగులు, పాత్రలకు నార్మల్స్ అని విడదీసుకోవడం సహజంగా కుదురుతుంది. కొత్త ఇంజిన్‌లో ఆ నిబంధన లేకపోయినా మీ అంతట మీరు పెట్టుకోండి. బొమ్మకు పాత లుక్ ఇవ్వడంలో దాని పాత్ర చాలా పెద్దది.

వెర్టెక్స్ రంగులు: అన్నిటికన్నా ఎక్కువ ఫలితం ఇక్కడే

పాలిగాన్ మూలల దగ్గర రంగు నిర్ణయించి, మధ్యలో ఆ రంగులను నెమ్మదిగా కలుపుకుంటూ వెళ్లే పద్ధతిని హెన్రీ గూరో 1971లో ప్రతిపాదించారు. ప్లేస్టేషన్, నింటెండో 64 ఈ పనిని హార్డ్‌వేర్‌లోనే చేస్తాయి. టెక్స్చర్ మెమరీ ఒక్క బైట్ కూడా ఖర్చు కాదు, ఎంత దగ్గరికి వెళ్లి చూసినా గళ్లు కనబడవు, ఎంత దూరం నుంచి చూసినా మిణుకుమనదు.

దీని బలం చూడాలంటే ఆ కాలపు పేరున్న ఆటలే చాలు. 1996లో వచ్చిన క్రాష్ బాండికూట్‌లో హీరో ఒళ్లు దాదాపు అంతా టెక్స్చర్ లేని రంగు పాలిగాన్లే. అదే ఏడాది వచ్చిన సూపర్ మారియో 64లో మారియోకు కళ్లు, మీసం, గుండీలు, టోపీ మీద గుర్తు లాంటి కొన్ని చోట్లే టెక్స్చర్ ఉంది, మిగతాదంతా రంగూ లైటింగే. 1998 నాటి స్పైరో ది డ్రాగన్‌లో ఆకాశాన్ని బొమ్మగా గీయలేదు, రంగులద్దిన పాలిగాన్లతో కట్టారు. దూరాన కనిపించే కొండలూ కోటలూ టెక్స్చర్ వదిలేసి ఉత్త వెర్టెక్స్ రంగుల్లోకి మారతాయి. ప్లేస్టేషన్‌లో మిప్‌మ్యాపింగ్ (దూరానికి అదే టెక్స్చర్ చిన్న రూపాన్ని వాడటం) లేదు కాబట్టి దూరపు టెక్స్చర్లు కళ్లు జిగేలుమనేలా మిణుకుతాయి. దానికి ఇంతకన్నా అందమైన విరుగుడు నాకు తెలియదు.

బలహీనత ఏమిటంటే, వెలుగు మూలల దగ్గరే తెలుస్తుంది. పెద్ద గోడకు నాలుగే మూలలుంటే, గోడ మధ్యలో దీపం పెట్టినా గోడకు ఆ సంగతి తెలియదు. నలుచదరాన్ని రెండు త్రిభుజాలుగా గీస్తారు కాబట్టి ఒక మూలను మాత్రమే వెలిగిస్తే వెలుగు ఏటవాలు గీత దగ్గర విరిగినట్టు కనిపిస్తుంది. ఆ గీతను ఎటు తిప్పాలో చూసుకుంటే సగం సమస్య పోతుంది. చాలామంది దీన్ని పట్టించుకోరు, ఫలితం మాత్రం అక్కడే చెడుతుంది.

మిగతా సగానికి గోడను చిన్న ముక్కలుగా కోయాలి. ప్లేస్టేషన్ మీద పనిచేసేవాళ్లకు ఇందులో రెట్టింపు లాభం. ఆ మెషీన్ టెక్స్చర్‌ను దూరం లెక్క లేకుండా సాగదీస్తుంది కాబట్టి కెమెరాకు దగ్గరగా ఉన్న పెద్ద పాలిగాన్ల మీద ఇటుకలు వంకర్లు పోతాయి. ముక్కలు చేస్తే ఆ వంకర తగ్గుతుంది, అదే సమయంలో వెలుగు నింపడానికి కొత్త మూలలు దొరుకుతాయి. కాబట్టి ప్లేస్టేషన్ లుక్ కోసం చేసే లెవెల్‌లో నేల, గోడలు కెమెరా దగ్గరికి వచ్చే చోట్ల ముక్కలు కోయడానికి వెనకాడకండి. నింటెండో 64లో ఈ వంకర సమస్య లేదు, అక్కడ వెలుగు మారే చోట మాత్రమే కోస్తే సరిపోతుంది.

వెర్టెక్స్ రంగు టెక్స్చర్‌తో ఎలా కలుస్తుందో ముందే తెలుసుకోకపోతే పనంతా రెండోసారి చేయాల్సి వస్తుంది. ఈ రంగు విలువ 0 నుంచి 255 దాకా ఉంటుంది. ప్లేస్టేషన్‌లో 128 అంటే టెక్స్చర్ ఉన్నదున్నట్టు కనిపిస్తుంది, 255 అంటే దాదాపు రెట్టింపు వెలుగు. ప్లేస్టేషన్ 2లోనూ మామూలుగా 128 దగ్గరే సమానం. అందువల్ల ఆ రెండిటికీ టెక్స్చర్లను మధ్యస్థమైన వెలుగులో గీసుకుని, ఎండ పడే చోట పైకి, నీడ ఉన్న చోట కిందికి తీసుకెళ్లవచ్చు. నింటెండో 64లో మామూలు గుణకారంలో 255 దగ్గరే సమానం, అంటే రంగు ఎప్పుడూ చీకటి చేయడానికే పనికొస్తుంది. అక్కడ టెక్స్చర్‌ను ముందే ప్రకాశవంతంగా గీసుకోవాలి. సెగా కన్సోల్ సాటర్న్ దారి ఇంకోలా ఉంటుంది. అది గుణించదు, ఒక్కో ఛానెల్‌కు (ఎరుపు, ఆకుపచ్చ, నీలం) మైనస్ 16 నుంచి ప్లస్ 15 దాకా కలుపుతుంది. ముదురు రంగుకీ లేత రంగుకీ ఒకే మోతాదు కలుస్తుంది కాబట్టి వెలుగు ఎక్కువైన చోట రంగు వెలిసిపోయినట్టు ఉంటుంది. డ్రీమ్‌కాస్ట్‌లో గుణించే రంగుతో పాటు ఆ తర్వాత కలిపే రంగు కూడా వేరుగా ఉంటుంది, అందుకే టెక్స్చర్ మీద తెల్లటి మెరుపు తేవడం అక్కడ సులువు. కొత్త ఇంజిన్‌లో షేడర్ (రంగు, వెలుగు లెక్కించే చిన్న ప్రోగ్రామ్) రాసేవాళ్లు వెర్టెక్స్ రంగును రెండుతో గుణించి చూడండి. ఆ ఒక్క మార్పుతో ప్లేస్టేషన్ ఎండ వచ్చేస్తుంది.

టెక్స్చర్‌లోనే గీసేసిన వెలుగు

ఇటుకల మధ్య సందు, చొక్కా మడత, ముక్కు కింద నీడ లాంటివి మూలల రంగులతో రావు. అంత చిన్న వివరాలకు మూలలు చాలవు. అక్కడ టెక్స్చర్‌లోనే వెలుగునీడలు గీసేయాలి. 1997లో వచ్చిన మెగా మ్యాన్ లెజెండ్స్‌లో ముఖాలన్నీ ఇలా గీసిన టెక్స్చర్లే. కోపం వస్తే ఒకటి, నవ్వితే ఇంకొకటి మారుస్తారు. ఇప్పుడు చూసినా ఆ ముఖాల్లో జీవం తగ్గలేదు.

ఇక్కడ జాగ్రత్త ఒక్కటే, దిక్కు. ఎడమ నుంచి వెలుగు పడుతున్నట్టు గీసిన టెక్స్చర్‌ను అద్దంలోలా తిప్పి రెండో సగానికి వాడితే అక్కడ వెలుగు కుడి నుంచి వస్తుంది. మెమరీ ఆదా కోసం సగం ముఖం, సగం తలుపు గీసి తిప్పి వాడటం ఆ కాలంలో మామూలే కాబట్టి ఇది తప్పించుకోలేని సమస్య. వెలుగు పైనుంచి పడుతున్నట్టు గీయండి. పై నుంచి కిందికి దిగే నీడ తిప్పినా చెడదు. ఎండ ఏ వైపు నుంచి వస్తుందో చెప్పే పనిని వెర్టెక్స్ రంగులకు వదిలేయండి. టెక్స్చర్‌కు చిన్న నీడలు, మూలల రంగులకు పెద్ద నీడలు అన్న ఈ పని విభజన కుదిరితే ఒకే టెక్స్చర్ పది గదుల్లో పది రకాలుగా కనిపిస్తుంది.

ఎంత చోటు ఉందో లెక్క వేసుకుంటే ఈ విభజన ఎందుకు అవసరమో ఇంకా బాగా అర్థమవుతుంది. ప్లేస్టేషన్‌లో వీడియో మెమరీ మొత్తం 1 మెగాబైట్. 320 బై 240 సైజులో రెండు ఫ్రేమ్ బఫర్లు (తెర మీది బొమ్మను దాచే చోట్లు) పెడితే సుమారు 300 కిలోబైట్లు పోతాయి, మిగిలింది 724 కిలోబైట్లు. 256 బై 256 టెక్స్చర్ పేజీని 16 రంగుల పాలెట్‌తో (రంగుల పట్టికతో) పెడితే 32 కిలోబైట్లు, 256 రంగులతో 64, నేరుగా 15 బిట్ల రంగుతో 128 కిలోబైట్లు. నా లెక్కలో 16 రంగులే సరైన ఎంపిక. తక్కువ అనిపిస్తుంది గానీ, ఒక్కో టెక్స్చర్‌కు వేరే పాలెట్ ఇచ్చుకోవచ్చు. పైగా పాలెట్ మార్చితే అదే బొమ్మ పగటి నుంచి సాయంత్రానికి మారుతుంది, లావా కదిలినట్టు కనిపిస్తుంది.

నింటెండో 64లో టెన్షన్ ఇంకా ఎక్కువ. గీసేటప్పుడు టెక్స్చర్ ఉండాల్సిన ప్రత్యేక మెమరీ 4 కిలోబైట్లే. పాలెట్ వాడితే అందులో సగం పాలెట్‌కే పోతుంది, మిగిలిన 2 కిలోబైట్లలో 16 రంగుల 64 బై 64 బొమ్మ సరిగ్గా పడుతుంది. 16 బిట్ల రంగు కావాలంటే 32 బై 64. నాకు ఎంతో నచ్చే ఎంపిక ఇంకొకటి ఉంది. టెక్స్చర్‌ను 4 బిట్ల బూడిద రంగులో మాత్రమే గీసి, రంగు మొత్తం వెర్టెక్స్‌ల నుంచి తీసుకోవడం. అలా చేస్తే 64 బై 128 బొమ్మ 4 కిలోబైట్లలో పట్టేస్తుంది. గడ్డి, రాయి, మట్టి మూడింటికీ ఒకే గరుకు టెక్స్చర్ సరిపోతుంది, ఒకదాని నుంచి ఇంకొకదానికి రంగు అతుకు లేకుండా మారుతుంది. కొత్త ఇంజిన్‌లో పనిచేసేవాళ్లు కూడా దీన్ని ఒకసారి ప్రయత్నించి తీరాలి.

లైట్‌మ్యాప్ ఎప్పుడు

వెలుగును వేరే చిన్న టెక్స్చర్‌లో దాచి, మామూలు టెక్స్చర్ పైన దుప్పటిలా కప్పడం లైట్‌మ్యాప్. 1996లో పీసీ మీద వచ్చిన క్వేక్‌తో దీనికి మంచి పేరొచ్చింది. కిటికీ నీడ నేల మీద స్పష్టంగా పడాలంటే, కానీ నేలను ముక్కలు కోయడం ఇష్టం లేకపోతే ఇదే దారి. అయితే ప్రతి గోడకూ వేరే లైట్‌మ్యాప్ ఉండాలి, దానికి మెమరీ కావాలి, గీసే పని రెండింతలవుతుంది. ప్లేస్టేషన్, నింటెండో 64 లుక్ కోసం దీన్ని వాడొద్దంటాను. నేల మీద ఒకటి రెండు గట్టి నీడలు కావాలంటే ప్లేస్టేషన్ పారదర్శకత పద్ధతుల్లో వెనకున్న రంగులోంచి తీసివేసేది ఒకటుంది, ఆ పద్ధతిలో ఒక నీడ పాలిగాన్ పరిస్తే చాలు.

ప్లేస్టేషన్ 2 నుంచి ముందుకు వెళితే సంగతి మారుతుంది. దాని గ్రాఫిక్స్ చిప్ ఒక్క విడతలో ఒకే టెక్స్చర్ వేయగలదు, కానీ లోపలి మెమరీ వేగం సెకనుకు 48 గిగాబైట్లు. అదే పాలిగాన్‌ను మళ్లీ మళ్లీ గీయడానికి అది వెనకాడదు. గేమ్‌క్యూబ్ అయితే ఒక్క విడతలోనే 8 టెక్స్చర్ల దాకా కలుపుతుంది. ఈ రెండిటి లుక్ కోసం లోపలి గదులు చేస్తుంటే లైట్‌మ్యాప్ మంచి ఎంపిక. బయటి మైదానాలకు మాత్రం వెర్టెక్స్ రంగులే నయం.

మెరుపు కోసం

లోహం, నీళ్లు, తడి నేల వంటివి మెరవాలంటే చాలామంది మొదట లైట్ మెరుపు లెక్కే వాడతారు. బ్యూయ్ ట్యూంగ్ ఫాంగ్ 1975లో ఇచ్చిన పద్ధతి ప్రతి పిక్సెల్ దగ్గర నార్మల్‌ను లెక్కిస్తుంది కాబట్టి మెరుపు గుండ్రంగా వస్తుంది. అదే లెక్కను మూలల దగ్గర మాత్రమే చేస్తే మెరుపు పాలిగాన్ మధ్యలో పడినప్పుడు మాయమవుతుంది, మూల మీదికి రాగానే భగ్గుమంటుంది. తక్కువ పాలిగాన్ల మోడల్ మీద ఇది చూడటానికి బాగుండదు.

దీనికన్నా ఎన్విరాన్‌మెంట్ మ్యాప్ చాలా మెరుగు. బ్లిన్, న్యూవెల్ 1976లో వివరించిన ఆలోచన ఇది. నార్మల్ ఎటు చూస్తోందో దాన్ని బట్టి ఒక చిన్న బొమ్మలోంచి రంగు తీసుకోవాలి. మెరుపు టెక్స్చర్‌లోనే ఉంటుంది కాబట్టి పాలిగాన్ మధ్యలోనూ పోదు. సూపర్ మారియో 64లో మారియో లోహంగా మారినప్పుడు కనిపించేది ఇదే. నింటెండో 64 ఈ లెక్కను తనంతట తానే చేసిపెడుతుంది. ఆ బొమ్మ నిజమైన పరిసరాలకు సరిపోవాల్సిన అవసరం లేదు. పైన లేత రంగు, మధ్యలో ముదురు అంచు, కింద నేల రంగు, ఈ మూడూ ఉన్న 32 బై 32 బొమ్మ గీసి పెడితే చూసేవాళ్లు లోహమని నమ్మేస్తారు. చదునైన ఉపరితలాల మీద మాత్రం వాడకండి. అక్కడ నార్మల్స్ అన్నీ ఒకే వైపు చూస్తాయి కాబట్టి బొమ్మలో ఒక్క చుక్క సాగి మొత్తం పరుచుకుంటుంది.

బంప్, నార్మల్ మ్యాప్‌లు

ఉపరితలం చదునుగానే ఉండి, గుంటలు మిట్టలు ఉన్నట్టు వెలుగును మోసగించే బంప్ మ్యాపింగ్‌ను బ్లిన్ 1978లో ప్రతిపాదించారు. కన్సోళ్లకు అది చేరడానికి రెండు దశాబ్దాలు పట్టింది. 1998 నాటి డ్రీమ్‌కాస్ట్ చిప్‌లో ఈ సదుపాయం ఉన్నా ఆటల్లో అరుదుగానే వాడారు. ప్లేస్టేషన్ 2లో దీనికి నేరుగా హార్డ్‌వేర్ సాయం లేదు. గేమ్‌క్యూబ్‌లో ఒక టెక్స్చర్‌తో ఇంకో టెక్స్చర్‌ను కదిలించే సదుపాయం ఉంది, నీళ్లకూ వేడి గాలి అలలకూ అది అద్భుతంగా పనికొస్తుంది. ఇది నిజంగా ఇంటి సొత్తుగా మారింది 2001లో వచ్చిన ఎక్స్‌బాక్స్‌లో. దాని చిప్‌లో పిక్సెల్ షేడర్లు ఉన్నాయి. హేలో మొదటి ఆటలో బంప్ మ్యాప్‌లు కనిపిస్తాయి. 2004 నాటి రిడిక్ ఆటలో చీకటి కారిడార్లలో నార్మల్ మ్యాప్‌లు, గట్టి నీడలు కలిసి చేసిన పని ఇప్పటికీ చూడదగ్గది.

రిడిక్ బాగుండటానికి కారణం గమనించండి. అక్కడ వెలుగు కదులుతుంది, దగ్గరగా ఉంటుంది, పక్కనుంచి పడుతుంది. నార్మల్ మ్యాప్ విలువ బయటపడేది ఈ మూడూ ఉన్నప్పుడే. వెలుగు కదలని గోడకు నార్మల్ మ్యాప్ పెట్టి వచ్చేదాన్ని, టెక్స్చర్‌లో నీడ గీసి ఏ ఖర్చూ లేకుండా తేవచ్చు. ఇంకో మాట, మామూలు రంగుల కోసం చేసిన డిఎక్స్‌టి1 కంప్రెషన్‌ను నార్మల్ మ్యాప్ మీద వాడితే నునుపు ఉపరితలాల మీద నాలుగు బై నాలుగు పిక్సెళ్ల గళ్లు కనిపిస్తాయి. కొత్త ఇంజిన్‌లో ప్లేస్టేషన్ లుక్ కోసం చేస్తున్న పనిలో నార్మల్ మ్యాప్ ఉంటే దయచేసి తీసేయండి. ఎక్స్‌బాక్స్ కాలపు లుక్ కావాలంటే మాత్రం ఉంచి, ఒకటి రెండు కదిలే లైట్లు కూడా పెట్టండి.

కార్టూన్ షేడింగ్‌ది వేరే లోకం. 2000లో జెట్ సెట్ రేడియో, 2002లో విండ్ వేకర్ చూపినట్టు, వెలుగు లెక్కను నేరుగా చూపించకుండా రెండు మూడు మెట్లుగా విడగొడతారు. పాత్రల మీద అది బాగుంటుంది, పరిసరాలకు పైన చెప్పిన వెర్టెక్స్ రంగులే చాలు.

ఫిల్టరింగ్‌ను బట్టి గీత మారాలి

ప్లేస్టేషన్ టెక్స్చర్‌ను ఫిల్టర్ చేయదు, ప్రతి గడీ అంచుతో సహా కనిపిస్తుంది. నింటెండో 64 పొరుగున ఉన్న మూడు గడుల రంగులు కలిపి మెత్తబరుస్తుంది. ఒకే టెక్స్చర్ రెండిటికీ పనికిరాదు. మొదటిదానికి ఒక్కో గడినీ ఉద్దేశంతో పెట్టాలి, ఒక గడి వెడల్పున్న తెల్ల గీత రాతి అంచును చక్కగా పట్టిస్తుంది. రెండోదానిలో ఆ గీత మసకబారి ఎందుకూ కొరగాకుండా పోతుంది, అక్కడ పెద్ద ఆకారాలు, మెల్లగా మారే ఛాయలు గీయాలి. చేతితో గడులు పేర్చడం మీకు ఇష్టమైతే ప్లేస్టేషన్ వైపు వెళ్లండి, రంగు కలపడం ఇష్టమైతే నింటెండో 64 వైపు. మధ్యలో ఉండి రెండూ కావాలనుకుంటే డ్రీమ్‌కాస్ట్ మంచి చోటు. దాని టెక్స్చర్ కంప్రెషన్ 256 బై 256 బొమ్మను 128 కిలోబైట్ల నుంచి 18కి దించేస్తుంది కాబట్టి వివరాలు ధారాళంగా పెట్టుకోవచ్చు.

ఇవన్నీ తేల్చుకున్నాక చీకటి గదులను ఒకసారి విడిగా చూసుకోండి. ప్లేస్టేషన్‌లో ఒక్కో ఛానెల్‌కు 32 మెట్లే, అందులో చీకటి భాగానికి దక్కేవి కొన్ని మాత్రమే. నలుపులోకి దిగే ఛాయలో గీతలు గీతలుగా మెట్లు కనబడతాయి. పక్క మెట్ల రంగులను చుక్కలుగా కలిపి చల్లే డిథరింగ్ కొంత దాస్తుంది, పూర్తిగా దాచలేదు. ఆ మూలల రంగులను పూర్తి నలుపులోకి దించకుండా ముదురు నీలంలోకో ఊదాలోకో దించండి. మూడు ఛానెళ్ల మెట్లూ వేర్వేరు చోట్ల మారతాయి కాబట్టి గీతలు అంతగా కంటబడవు.